దెబ్బ తాకని మోకాలు

మా సిరిసిల్ల పాత ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మొన్న మంగళవారం పొద్దున అందులో ఒక జాబితా వచ్చింది. దాంట్లో ఏడో పేరు నాది. నా పేరు ఏదో ఒక జాబితాలో ఉండాలని చిన్నప్పటి నుంచీ కోరుకున్న మాట నిజమే గానీ, ఇట్లాంటి కారణంతో ఉంటుందని అనుకోలేదు. గ్రూపు నడిపేది నరేష్, మా కెప్టెన్ దేవయ్యన్న కొడుకు, బడిపంతులు. ఏదో విదేశీ క్లబ్బుకు వీరాభిమాని. ఆ క్లబ్బు అభిమానులంతా ఒకచోట చేరి, తమ ఆటగాళ్ళలో ఎవరు అస్తమానం దెబ్బలు తగిలించుకుని మూలకు కూర్చునేవారో తలుచుకుంటూ రాసుకున్నది చదివాడట. ఆ జాబితాకు రెండు రోజుల ముందే మా మీద పడ్డాడు. "మన టీంల గట్ల ఎవలెవలున్నరు? పెద్దమనుషులు జెర యాది చేసి చెప్పుండ్రి" అని గ్రూపులో పెట్టాడు. వచ్చే ఆదివారం పాత టీం అంతా కలుసుకుంటున్నాం. అక్కడ ఆ పేర్లతో పెద్ద ఫ్లెక్సీ కట్టిస్తాడట. జాబితాలో తప్పులుంటే శుక్రవారం లోపల చెప్పమన్నాడు.

అడగడమే ఆలస్యం, ముసలివాళ్ళందరికీ పూనకం వచ్చింది. గోల్‌కీపర్ గంగారాం తన వంకర చిటికెన వేలిని ఫొటో తీసి పెట్టాడు. బంతి లోపలికి విసిరేటప్పుడల్లా లింబాద్రికి భుజం జారేదని, వాడే దాన్ని మళ్ళీ ఎక్కించుకుని రెండోసారి విసిరేవాడని ఒకరు రాశారు. ఇక మొదటి పేరు గురించి తగవే లేదు. రాజేశం. వాడి చీలమండ గురించి, వాడి పిక్క గురించి, వాడి కనుబొమ్మ మీది కుట్ల గురించి రెండు రోజులు గ్రూపు మోగుతూనే ఉంది. ఆ వరుసలో ఏడో చోట ఉంది: "అంబదాసు, జగిత్యాల ఫైనల్, మోకాలు." పన్నెండేళ్ళు ఆడాను నేను. ఒక్క ఆట తప్పలేదు. జ్వరంతో ఆడాను. మా నాయన పెద్దకర్మ అయిన మరునాడు, గుండు మీద తువ్వాల కట్టుకుని ఆడాను. దాని గురించి ఒక్కరంటే ఒక్కరు ఒక్క ముక్క అనలేదు. వాళ్ళకు గుర్తున్నది ఆ మోకాలు. ఆ మోకాలికి ఆ రోజు ఏమీ కాలేదు. ఈ సంగతి ఇన్నేళ్ళలో నేను ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా.

మాది సాంచెల వాడ. సాంచెలంటే మరమగ్గాలు. మా ఇంటి ముందు గదిలో నాలుగు, వెనుక రేకుల షెడ్డులో నాలుగు ఉండేవి. పొద్దున లేస్తే ముక్కుకు తగిలేది గంజి వాసన, దాని మీద యంత్రాల నూనె వాసన. అన్నంలో, జుట్టులో, పరుపు మీద దూది నుసి. మాటలు వినపడవు కాబట్టి మా వాడలో అందరూ గట్టిగా మాట్లాడతారు. సాంచెలు లేని ఊళ్ళకు చుట్టాలింటికి పోతే మమ్మల్ని కొట్లాటకు వచ్చినవాళ్ళని అనుకునేవారు. మా నాయన ఎనిమిది సాంచెల మధ్య రోజంతా తిరిగేవాడు. పోగు తెగి ఒకటి ఆగిందంటే ఆయన మెడ దానంతటదే అటు తిరిగేది. మేము సాయంత్రం మానేరు ఒడ్డున, ఇసుక సగం మట్టి సగం ఉన్న జాగాలో ఆడేవాళ్ళం. బూట్లు నలుగురికి ఉండేవి. అంగీలు మాత్రం పదకొండు మందికీ ఒక్క రంగువే, ఎందుకంటే గుడ్డ మా ఇళ్ళలో నేసినదే, కుట్టింది కూడా మా వాడ దర్జీయే.

దెబ్బ తగిలినవాణ్ణి చూసుకోవడంలో మా వాడకు ఒక పద్ధతి ఉండేది. సాంచాకు కొత్త బీము, అంటే పడుగు నూలు చుట్టిన రోలరు, ఎక్కించినప్పుడు మొదటి గజం గుడ్డ సరిగా రాదు, పోగులు ఎగుడుదిగుడుగా పడతాయి. దాన్ని కోసి పక్కన పడేస్తారు. రాజేశం వాళ్ళమ్మ లచ్చవ్వ ఇంటింటికీ తిరిగి ఆ ముక్కలు అడిగి తెచ్చి, ఉడకబెట్టి, ఆరేసి, జానెడు వెడల్పు పట్టీలుగా చింపి చుట్టి పెట్టేది. అవే మా టీం కట్లు. కట్టు కట్టడం గంగారాం పని. కాలు వాస్తుంది కాబట్టి కొసలు ఎప్పుడూ జారుముడే వేసేవాడు, లాగితే ఊడేటట్టు. ఆ తర్వాత మొదలయ్యేది అసలు మర్యాద. కాలు విరిగినా బెణికినా, నయమయ్యేదాకా రోజుకో ఇంటి నుంచి మేక కాళ్ళ శేర్వ పోయేది. మిరియాలు, అల్లం దంచి వేసి, తెల్లవారింది మొదలు సన్నని సెగ మీద మరిగించిన శేర్వ. స్టీలు గిన్నెకు మూత పెట్టి, కొంగుతో పట్టుకుని ఆడవాళ్ళు వీధిలోంచి నడిచిపోతుంటే ఆ వాసనకు గంజి వాసన కాసేపు ఓడిపోయేది. మా అమ్మ కూడా వండేది. మా ఇంట్లో మరిగి మా గడప దాటి రాజేశం ఇంటికి పోయేది. అడుగున మిగిలింది నాకు పోయమంటే, "నీకేమైందిరా? గట్టిగనే ఉన్నవు గదా" అనేది.

నా కుళ్ళు అక్కడే మొదలైంది. దాచేదేముంది, అది కుళ్ళే. రాజేశం, నేను ఒకే బెంచీ మీద చదువుకున్నాం, ఒకే ఈత పండు కొరుక్కు తిన్నాం. ఆటలో వాడు ముందు, నేను వెనుక. వాడు మెరుపులా ఉరికేవాడు, మూడో ఆటకో నాలుగో ఆటకో ఏదో ఒకటి విరగ్గొట్టుకునేవాడు. ఇక వాడి ఇంటి ముందు నులక మంచం, మంచం మీద వాడు, దిండు మీద తెల్లటి కట్టుతో వాడి కాలు. పొద్దున సాంచెలకు పోయేవాడు ప్రతి ఒక్కడూ ఆగి, "కాలెట్లున్నదిరా రాజేశం?" అని అడిగిపోయేవాడు. నీళ్ళకు పోయే ఆడపిల్లలు అడిగేవారు. మా నాయన కూడా అడిగేవాడు. నేను పక్కనే నిలబడి ఉండేవాణ్ణి, రెండు కాళ్ళ మీద, శుభ్రంగా. నిన్నటి ఆటలో మూడు గోల్స్ నేనాపాను కదా అని నోటిదాకా వచ్చేది. ఒకరోజు ఆగలేక మా నాయనతో అనేశాను. ఆయన నూలు కండె మారుస్తూ నా వైపు చూడకుండానే, "నడిచే సాంచాను ఎవడన్న సూస్తడారా? ఆగినదాని కాడికే ఉరుకుతరు" అన్నాడు. ఆయన ఉన్న మాటే చెప్పాడు. నేను మాత్రం దాన్ని ఉపాయంగా తీసుకున్నాను.

జగిత్యాల ఫైనల్ ఆ ఏడాదే వచ్చింది. వేములవాడ మీదుగా బస్సులో పోయాం, మల్యాల దగ్గర దిగి చాయ్ తాగాం. రాజేశం చీలమండ బెణికి అప్పటికి పదిహేను రోజులు. ఆడేది లేదని దేవయ్యన్న ముందే చెప్పాడు, అంగీ వేసుకుని గీత బయట కూర్చొమ్మన్నాడు. బస్సులో వాడికి కిటికీ సీటు, కాలు చాపుకోవడానికి ఎదురుగా ఇంకో సీటు. నేను నిలబడి పోయాను. మైదానంలో మా వాడ నుంచి వచ్చిన జనం ఆట చూస్తూనే మధ్యమధ్య వెనక్కి తిరిగి, "ఎండల కూసుంటివేందిరా, కాలెట్లున్నది?" అని వాణ్ణి అడుగుతున్నారు. రెండో సగం సగానికి వచ్చింది, ఇద్దరికీ గోల్ లేదు. అవతలివాడు బంతితో నా మీదికి వచ్చాడు. నేను శుభ్రంగా దాన్ని తీసుకుని దేవయ్యన్నకు తోశాను. ఆ అవతలివాడు తూలి నాకు తగిలీ తగలనట్టు తగిలి పోయాడు. అప్పుడు పడ్డాను నేను. పడాలని పడ్డాను. మోకాలు పట్టుకుని అరిచాను. అందరూ ఉరికి వచ్చారు. ఆహా, అదెంత బాగుందో ఏం చెప్పను! దేవయ్యన్న నా తలను తన తొడ మీద పెట్టుకున్నాడు. "ఏమైందిరా అంబదాసు" అని పదిమంది ఒక్కసారి అడిగారు. పన్నెండేళ్ళలో అది ఒక్కసారే.

నేను లెక్కవేయనిది ఒక్కటే. నా బదులు లోపలికి పోవడానికి అంగీ వేసుకుని ఉన్నది రాజేశం ఒక్కడే. దేవయ్యన్న వద్దంటున్నాడు, వాడు బూటు బిగించుకుంటున్నాడు. నేను నేల మీద నుంచి చూస్తున్నాను. అప్పుడైనా లేవవచ్చు. "తగ్గింది, ఆడతా" అంటే అయిపోయేది. లేవలేదు. లేస్తే నవ్వుతారని భయం సగం. ఇంకా ఎవరైనా వచ్చి అడుగుతారేమోనన్న ఆశ సగం. వాడు లోపలికి పోయాడు. పది నిమిషాలు కుంటుతూ తిరిగాడు. చివర్లో బంతి కాలికి దొరికింది. ఇద్దరిని దాటి, ఆ చెడిన కాలితోనే కొట్టాడు. బంతి లోపలికి పోవడం, అవతలివాడు జారుతూ వచ్చి వాడి చీలమండ మీద పడడం ఒకేసారి జరిగాయి. ఆ చప్పుడు నేను కూర్చున్న దగ్గరికి వినపడింది. కప్పు మాకొచ్చింది. వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, కప్పు వాడి ఒడిలో పెట్టి మోసుకుపోయారు. నొప్పితో ఏడుస్తూనే వాడు నవ్వుతున్నాడు. నా మోకాలు ఎవరికీ గుర్తులేదు. ఇంత జరిగినా నాకు ముందు వచ్చింది జాలి కాదు, గోల్ కూడా వాడే కొట్టాడే అన్న మంట. గంగారాం వాడి దగ్గరుంటే నా కట్టు నేనే కట్టుకున్నాను. ఆ జనం వెనుక కుంటుకుంటూ నడిచాను. ఏ కాలో మధ్యలో ఒకసారి మరిచిపోయాను కూడా, చూసేవాడు లేకపోయాడు.

రాజేశం మళ్ళీ ఆడలేదు. ఎముక అతుక్కుంది గానీ కాలు కొంచెం పొట్టిదైంది. మరునాటి సాయంత్రం శేర్వ గిన్నెలు వాడింటి ముందు వరుస కట్టాయి. మా అమ్మ కూడా వాడికే పంపింది. నేను మా అరుగు మీద కట్టుతో కూర్చుని చూస్తున్నాను. అప్పుడు లచ్చవ్వ వచ్చింది. నేనామెను చిన్నమ్మా అనేవాణ్ణి. కొడుకు కాలు విరిగి ఒక్క రోజే అయింది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కొడుక్కి వచ్చిన దాంట్లోంచి సగం గిన్నె నాకు పట్టుకొచ్చింది. "నీక్కూడ తాకింది గదా బిడ్డా" అని నా ముందు కూర్చుని, కట్టు మార్చబోయింది. కొసలు లాగింది, ఊడలేదు. గోటితో గీకింది, ఊడలేదు. కత్తెర తెప్పించి కోసింది. కింద నా మోకాలు ఎప్పటిలాగే ఉంది. దాని వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "సల్లారుతది, తాగు" అని లేచిపోయింది. తాగాను. ఎంతో రుచిగా ఉంది. అది రుచిగా ఉండడమే నేను ఇప్పటికీ నన్ను క్షమించుకోలేని సంగతి.

ఇప్పుడు ఆ అరుగుల మీద మంచాలు లేవు, వీధిలోంచి గిన్నె పట్టుకుపోయే ఆడవాళ్ళూ లేరు. నరేష్ కొడుక్కి వేలు బెణికితే స్కానింగు తీయించారు, ఎవరికీ తెలియకుండానే నయమైపోయింది. ఆ కాళ్ళ శేర్వ కావాలంటే బస్టాండు దగ్గర హోటల్లో దొరుకుతుంది, డబ్బాలో కట్టిస్తారు. నేనొకసారి తెచ్చుకున్నాను. తాగుతుంటే ఎవరి వాటాదో తాగుతున్నట్టే ఉండి సగం పారబోశాను.

గురువారం పొద్దున కోరుట్ల బస్సెక్కాను. రాజేశం పెళ్ళయ్యాక అత్తగారి ఊళ్ళోనే చెప్పుల దుకాణం పెట్టుకున్నాడు. ఆదివారానికి పిలుపు ఇవ్వడానికి పోతున్నానని ఇంట్లో చెప్పాను. నిజానికి నాలో రెండు మనసులు, ఉన్నది చెప్పెయ్యాలని ఒకటి, వద్దని ఇంకొకటి. నోరు మూసుకుంటే చాలు, ఆదివారం నా పేరు అంత పెద్ద అక్షరాలతో ఉంటుంది. మళ్ళీ ఎవరు రాస్తారు నా పేరు? దుకాణం ముందు దిగేసరికి ఒక ముసలాయన స్కూటరు ఆపి, "రాజేశమన్నా, కాలెట్లున్నదే?" అని అడిగిపోతున్నాడు. కోరుట్లలో కూడా! నాకు పుండు మీద కారం చల్లినట్టైంది. రాజేశం ఎడమ చెప్పు కింద అంగుళం మందం తోలు అతికించుకుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి వచ్చి వాటేసుకున్నాడు. వాడి భార్య పద్మ లోపలి నుంచి, "అన్నా, అన్నం తినే పోవాలె, ఇప్పుడే చెప్తున్న" అంది.

చాయ్ తాగాక ఫోను తీసి జాబితా చూపించాను. వాడు అప్పటికే చూశాడట. "ఏడో నంబరు తప్పురా" అన్నాను. "గా రోజు నాకేం తాకలే. కావాలని పడ్డ. నిన్ను అందరు అడుగుతుంటే ఓర్వలేకపోయిన. నీ కాలు నావల్లనే పోయింది."

రాజేశం చెప్పుల జత ఒకటి తుడుస్తున్నాడు, తుడవడం ఆపలేదు. "నాకెరికే" అన్నాడు.

"ఎప్పటిసంది?"

"గా మరునాటి సంది. మా అమ్మ నీకాడికెళ్ళి అచ్చి చెప్పింది. పోగులు అతికే ముడి ఏసుకున్నవట కట్టుకు. అది జారదు, ఊడదు. కాలు వాచినోడు గా ముడి ఏసుకుంటే పానం పోతదిరా, ఎవడన్న ఓర్చుకుంటడా? సాంచెలకాడ పుట్టినోనివి గదా, చెయ్యికి అదొక్కటే అచ్చింది నీకు." వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

"మరి నన్నెందుకు తిట్టలే?"

"తిడుదమనే లేసిన. లేస్తే కాలు లెవ్వదాయె. అమ్మనే ఆపింది." వాడు తుడుస్తున్న గుడ్డను పక్కన పెట్టాడు. "వాని మోకాలు మంచిగనే ఉన్నది, అయినా శేర్వ తాగనిచ్చిన అన్నది. ఎందుకే అంటే, గా పిలగాణ్ణి ఎప్పుడన్న ఎవలన్న ఎట్లున్నవని అడిగిండ్రారా అన్నది. నువ్వు అడిగినవా అన్నది నన్ను. నేను అడగలే."

లచ్చవ్వ పోయి చాలా ఏళ్ళైంది. ఆమె పాడె నేనూ మోశాను. కొడుకు కాలు విరగ్గొట్టినవాడికి, తెలిసి, సగం శేర్వ తాగించి పోయింది. నిజం చెప్పాలంటే, అక్కడ కూర్చుని ఏడుస్తూ కూడా నాకు రాజేశం మీద అసూయే కలిగింది. ఇప్పుడు కాలు మీద కాదు, అంత తల్లి వాడికి ఉన్నందుకు.

అన్నం తిని బయల్దేరాను. రాజేశం బస్సుదాకా కుంటుతూ వచ్చాడు. ఆ జాబితా సంగతి తనేమీ అననని, నా ఇష్టమని చెప్పాడు. "ఉండనియ్యరా, ఫ్లెక్సీయే గదా" అని కూడా అన్నాడు. బస్సు కథలాపూర్ దాటాక ఫోను తీశాను. చూపుడు వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రుద్రంగి వచ్చేదాకా రాశాను. "నరేష్, ఏడో నంబరు తప్పు. జగిత్యాలలో నా మోకాలికి ఏమీ కాలేదు. రాజేశం మీద కుళ్ళుతో కావాలని పడ్డాను. నా బదులు వాడు ఆడి కాలు పోగొట్టుకున్నాడు. నాకు ఏ ఆటలోనూ దెబ్బ తగల్లేదు. నా పేరు తీసెయ్యి. మీ అంబదాసు." ఇంకోసారి చదివితే పంపలేనని తెలిసి, చదవకుండానే పంపాను.

చూసినవాళ్ళ సంఖ్య పెరుగుతూ పోయింది. ఇన్ని రోజులుగా మోగిన గ్రూపు ఒక్కసారిగా సాంచెలన్నీ బందైన షెడ్డులాగా అయింది. నరేష్ రాయడం మొదలుపెట్టి, ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆపాడు. వేములవాడలో జనం దిగారు, ఎక్కారు. ఆదివారం ఏ మొహంతో పోవాలా అని ఆలోచిస్తున్నాను. సిరిసిల్ల ఇంకో పావుగంట ఉందనగా ఫోను మోగింది. రాజేశం. నాకు విడిగా కాదు, గ్రూపులోనే, అందరూ వినేటట్టు, వాయిస్ మెసేజ్. చెవి దగ్గర పెట్టుకున్నాను. వెనుక కోరుట్ల రోడ్డు చప్పుడు, దాని మీదుగా సాంచెల వాడలో పుట్టినవాడి గట్టి గొంతు.

"అంబదాసూ, ఇల్లు చేరినవా? మోకాలెట్లున్నదిరా?"